కిషన్‌లాల్ బండికి కాపలా ఎవరు

చండ్రుగొండ బస్టాండు వెనక, ఎరువుల దుకాణానికీ కుట్టుమిషన్లు బాగుచేసే షాపుకీ మధ్యనున్న ఇరుకు గదిలో బాలకృష్ణ బ్యాటరీకి బిగించే మూడు బీఎంఎస్ పలకలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కిషన్‌లాల్ నిలబడి ఉన్నాడు. కిషన్‌లాల్ అతనికి తండ్రి, ఆ గదికి కిరాయి కట్టే మనిషి, ఆ దుకాణానికి ఇప్పటిదాకా దొరికిన ఒకే ఒక్క గిరాకీ కూడా.

"పొద్దుగాల్నించి గీ మూడు పలకలు ముంగటేసుకొని కూసున్నవ్. ఏది మంచిదో తెల్వదా? ఖమ్మంల నాలుగేండ్లు ఏం జదివినవ్‌రా?"

"మంచిదేదో తెలుసు బాపూ. మన బండికి సరిపోయేదేదో చూస్తున్న."

కిషన్‌లాల్ బ్యాటరీ బండి కొన్న షోరూం ఎప్పుడో మూతపడింది. బండిలోని బ్యాటరీ కూడా అదే దారి పట్టింది. తండాలో మొట్టమొదటి బీటెక్ అయిన బాలకృష్ణ, ఆ పాత డబ్బా విప్పి కొత్త సెల్స్ వరసగా పేర్చి, నికెల్ పట్టీలతో అతికి, అంతా సిద్ధం చేశాడు. ఇక మిగిలింది బీఎంఎస్ ఎంచుకోవడమే.

"అసలు అదెందుకు? సెల్స్ ఉన్నయ్, వైర్లున్నయ్. కలిపితే అయిపాయె గద."

బాలకృష్ణ ఓపిగ్గా చెప్పాడు. "బయటికి ఒక్క బ్యాటరీ లెక్కనే కనపడ్తది బాపూ. లోపల పదహారు సెల్స్. ఒకటి ముందే నిండుతది, ఒకటి ముందే ఖాళీ అయితది. బరువెక్కువైతే అన్నీ వేడెక్కుతయ్. గీ బీఎంఎస్ వాటన్నిటినీ కనిపెట్టుకొని ఉండి, హద్దు దాటితే కరెంటు బంద్ జేస్తది."

"అంటే కాపలా మనిషి. మన మిర్చి కళ్లం కాడ దూలయ్యను పెట్టినట్టు."

"అవ్. కానీ దూలయ్య నిద్రపోతడు. ఇది పోదు."

"అయితే దూలయ్య కన్నా నయమే," అని ఒప్పుకున్నాడు కిషన్‌లాల్. వెంటనే గొంతు మార్చాడు. "ఇగో బాలూ, ఉగాది దాకనే టైము. మొండయ్య బావ వచ్చి బండి నడిపి చూస్తనన్నడు. బాగుంటే మణుగూరు కాలనీల మూలకు పడ్డ బ్యాటరీ బండ్లన్నీ నీ కాడికే పంపిస్తడట. బాగలేకపోతే ఆయనెంబడి పోయి ఆడ బొగ్గుబాయి కాంట్రాక్టు కంపెనీల సూపర్‌వైజరుగ జేరు. నేను మాట ఇచ్చిన."

బాలకృష్ణ తల ఊపాడు. తండ్రి మాట ఇస్తే కొడుకు కాదనడం ఆ ఇంట్లో లేదు. గనుల్లో ఉద్యోగమంటే అతనికి చిన్నచూపూ లేదు. కానీ ఆ ఇరుకు గదిలో, సోల్డరింగ్ వాసన మధ్య, తన చేత్తో తాను చేసిన వస్తువు పని చేస్తుంటే కలిగే సంతోషాన్ని వదిలి వెళ్లాలంటే ప్రాణం ఒప్పడం లేదు. ఆ మాట తండ్రితో ఎలా చెప్పాలో అతనికి తెలియదు. అందుకే సరైన బీఎంఎస్ ఎంచుకోవడం మీదే మనసంతా పెట్టాడు.

*

మొదట చిన్నదాన్ని బిగించాడు. పుస్తకం లెక్క ప్రకారం ఇద్దరు మనుషులకు అది చాలు.

మర్నాడే ఫోన్ వచ్చింది. అడవి అంచున చెక్‌డ్యామ్ దాటాక వచ్చే ఎత్తు మీద బండి ఊపిరి బిగబట్టి ఆగిపోయిందట. బాలకృష్ణ పరుగున వెళ్లి చూస్తే హ్యాండిల్ పట్టుకుని కిషన్‌లాల్, వెనక సీట్లో తల్లి చాంది, ఆమె వెనక పక్కింటి రుక్మిణి, ముందు కాళ్ల సందున మిర్చి బస్తా.

"బండి ఇద్దరికే యాడీ," అన్నాడు తల్లితో. తల్లిని వాళ్లింట్లో అలాగే పిలుస్తారు.

చాందికి కోపం వచ్చింది. "రుక్మిణి నెత్తిన మూటతోటి ఎండల నిలబడ్డది. నీ కాపలాదారుని పర్మిషన్ అడిగి ఎక్కించుకోవాల్నా?"

"బస్తా కూడా ఉంది గద."

"బస్తా ఏమన్నా మనిషా, లెక్కపెట్టడానికి?"

బాలకృష్ణ బండి నెట్టాడు. ఆ రాత్రి పుస్తకం లెక్క కొట్టేసి తండా లెక్క వేశాడు. ఈ దారిన ఖాళీ సీటుతో మనిషిని దాటిపోయే బండి ఉండదు కాబట్టి, మోటారు లాగగలిగినంత కరెంటు ఇచ్చి, ఆపైన కొంచెం మిగులు కూడా ఉండే రెండో బీఎంఎస్ బిగించాడు. ఎత్తు మీద ముగ్గురితో, బస్తాతో, బస్తా మీద కోడిపుంజుతో సహా బండి ఎక్కింది.

ఇక పని పూర్తయిందనుకున్నాడు. అంతలో ఎక్కడిదో, ఎప్పటిదో, బ్యాటరీ బండి భగ్గున మండిపోతున్న వీడియో ఒకటి తండా వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఆ సాయంత్రం చాంది బండిని వాకిట్లోంచి తోయించి, పెంటకుప్ప అవతల పెట్టించింది. కిషన్‌లాల్ పిలిచినా ఎవరూ ఎక్కడం లేదు. రుక్మిణి అయితే మూట నెత్తిన పెట్టుకుని బండి ముందు నుంచే నడిచిపోయింది.

"లోపల ఏమైతాందో కనపడకుంటే ఎవరికైనా బుగులే గద," అంది చాంది. "పొయ్యి అయితే చూస్తే తెలుస్తది మండుతున్నదా లేదా అని. దీన్నేం జూడాలె?"

ఆ మాట బాలకృష్ణకు న్యాయంగా తోచింది. మూడో బీఎంఎస్ దానికి పనికొస్తుంది. బలం రెండోదాని అంతే, కానీ ఇది బ్లూటూత్‌తో ఫోనుకు కలుస్తుంది. ఏ సెల్‌లో ఎంత ఉంది, ఎంత వేడి ఉంది, అన్నీ తెర మీద కనిపిస్తాయి. కరెంటు ఆపడానికి, మళ్లీ ఇవ్వడానికి ఒక ఎర్ర బటన్ కూడా ఉంది.

అది బిగించి, ఆదివారం పొద్దున తండా ఆడవాళ్లను ఇంటి ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. అందరి ఫోన్లలో యాప్ వేశాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ ఒకటి, రెండు, మూడు, నాలుగు. దాన్ని మార్చలేదు. దాచిపెడితే నమ్మకం ఎలా వస్తుంది? బీఎంఎస్‌కి యాప్‌లో వచ్చే అర్థం లేని అక్షరాలు తీసేసి 'కిషన్‌లాల్' అని పేరు పెట్టాడు.

తండా మొదట్లో ఉండే జమ్లి అవ్వ ఫోనును కళ్లకు ఆనించుకుని చూసింది. "కిషన్‌లాల్ ముప్పై రెండు డిగ్రీలు ఉన్నడు. జెరం లేదు."

"వేడి బాగా ఎక్కువైతే ఎర్ర అక్షరాలు వస్తయ్ అవ్వా. అప్పుడు గీ బటన్ నొక్కాలె. బండికి కరెంటు బంద్ అయితది."

"నేను నొక్కినా ఆగుతదా?"

"ఎవరు నొక్కినా ఆగుతది."

చదువుకున్నవాడు అజాగ్రత్తగా చెప్పిన మాట కాదది. పూర్తి శ్రద్ధతో చెప్పిన మాట. అదే కొంప ముంచింది.

*

ఆ తండాలో ఎవరి బండి శబ్దం వినిపించినా వాకిట్లోకి వచ్చి ఆపడం అలవాటు. "యాడికి పోతున్నవ్? రొట్టె తిని పో" అనో, "వచ్చేటప్పుడు బీపీ గోలీలు తే" అనో, ఏమీ లేకపోతే "మంచిగున్నవా" అనో అడక్కుండా ఎవరినీ పోనివ్వరు. ఆగకుండా పోయినవాడికి పొగరు పట్టిందని లెక్క.

కిషన్‌లాల్ బ్యాటరీ బండికి చప్పుడు లేదు. వాకిట్లోకి వచ్చేసరికి వెనక చక్రం దుమ్మే కనపడేది. ఇన్నాళ్లూ జమ్లి ఈ విషయం మీద చాలా నొచ్చుకుని ఉంది. ఇప్పుడు ఆమె ఫోన్లోకి యాప్ వచ్చింది. బండి దరిదాపుల్లోకి రాగానే తెర మీద 'కిషన్‌లాల్' అని పడుతుంది. పడగానే ఆమె నొక్కుతుంది.

మొదటిరోజు బండి ఆమె ఇంటి ముందు చల్లగా ఆగిపోయింది. కిషన్‌లాల్ దిగి, కంగారుగా సీటు ఎత్తి చూస్తుంటే, జమ్లి తాపీగా బయటికి వచ్చింది.

"ఏం లేదు. నేనే ఆపిన. కూసో, చాయ్ తాగు."

రెండు రోజుల్లో ఈ విద్య తండా అంతా పాకింది. రుక్మిణి మజ్జిగ తాగమని ఆపింది. ఒకరు రేషన్ బియ్యం ఎప్పుడొస్తాయని అడగడానికి ఆపారు. ఇంకొకరు మనవరాలికి బటన్ చూపించడానికి ఆపారు. వారం తిరిగేసరికి కిషన్‌లాల్ తండా ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి నడిచి వెళ్లే దూలయ్య కన్నా ఎక్కువసేపు పట్టింది.

"నువ్వు పెట్టింది కాపలా కాదురా, చెక్‌పోస్టు!" అని కేకలేశాడు కిషన్‌లాల్ దుకాణానికి వచ్చి. "పొట్టంత చాయే ఉంది నాకు. అన్నం ఎక్కడ దిగుతది?"

"నడుస్తున్న బండిని ఆపితే ప్రమాదం బాపూ. సాయంత్రం పాస్‌వర్డ్ మారుస్త," అన్నాడు బాలకృష్ణ. అతనికి నిజంగా భయం వేసింది.

ఆ సాయంత్రం రానేలేదు. మధ్యాహ్నం బస్సులో మొండయ్య దిగాడు. రేపు వస్తానన్న మనిషి, దారిలో తోడు దొరికిందని ఒకరోజు ముందే వచ్చేశాడు.

*

మొండయ్య ఉద్యోగమంతా బొగ్గుబాయిలో హాలేజీ నడిపాడు. ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను సొరంగంలోంచి పైకి లాగే యంత్రం అది. రిటైరై మణుగూరు కాలనీలోనే ఇల్లు తీసుకున్నాడు. పెద్దగా మాట్లాడడు. నవ్వడం బాలకృష్ణ ఎన్నడూ చూడలేదు.

"నేను నడుపుత. నువ్వెనక కూసో అల్లుడా," అన్నాడు.

కిషన్‌లాల్ కొడుకు చెవిలో గొణిగాడు. "తండా మీదికెల్లి తీస్కపోకు."

"ఇంటికి ఇంకో తొవ్వ లేదు గద బాపూ."

కిషన్‌లాల్ ఆటో ఎక్కి, బటన్ నొక్కొద్దని అందరికీ చెబుతానంటూ ముందే బయల్దేరాడు. ఆ ఆటో దారిలో మనుషుల కోసం ఆగుతూ ఎంతకీ చేరలేదు.

రోడ్డు మీద బండి బాగా పోయింది. మొండయ్య ఎత్తు మీద ఒకసారి "ఊఁ" అన్నాడు. బాలకృష్ణకు ఆ ఊకొట్టడం వింటే డిగ్రీ పట్టా అందుకున్నట్టు అనిపించింది. తండా మలుపు తిరిగారు. జమ్లి ఇల్లు కనపడింది. బండి ఆగిపోయింది.

మొండయ్య కాలు కింద ఆనించి కదలకుండా కూర్చున్నాడు.

జమ్లి ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చి, బండి మీద కొత్త మనిషిని చూసి కొంగు నెత్తికి లాక్కుంది. అప్పటికే తల మీద కుంకుడుకాయ నురగ ఉంది. "అయ్యో, కిషన్‌లాల్ అనుకున్న," అని, చటుక్కున తడకల స్నానాల గదిలోకి దూరి, ఫోన్ తడక మీద పెట్టింది.

బాలకృష్ణ గబగబా తన ఫోన్ తీశాడు. యాప్ కలవడం లేదు. ఆ బీఎంఎస్ ఒకసారికి ఒక్క ఫోనుతోనే కలుస్తుంది. జమ్లి ఫోన్ ఇంకా దాన్ని పట్టుకునే ఉంది.

"అవ్వా! ఫోన్ల ఆ బటన్ మళ్ల నొక్కు!"

"కండ్లల్ల నురగ పడ్డది బిడ్డా! ఆగు!"

తడక మీద ఫోన్ మెరుస్తూ కనిపిస్తూనే ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరం. ముసలామె తలస్నానం చేస్తున్న తడక దగ్గరికి పోయి చెయ్యి చాపే ధైర్యం మాత్రం బాలకృష్ణకు బీటెక్ ఇవ్వలేదు.

"మామా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "బండిని గీడికెల్లి కొంచెం అవతలికి నెడ్దాం. దూరం పోతే అవ్వ ఫోన్ బండిని వదిలేస్తది. నేను నా ఫోన్ తోటి చాలూ జేస్త."

మొండయ్య మొదటిసారి తల తిప్పి అతని వైపు చూశాడు. "ఎవరు ఆపిండ్రు బండిని?"

"జమ్లి అవ్వ."

"ఎందుకాపింది?"

"తెల్వదు మామా. ఊకెనే కావచ్చు."

"తెల్వదు గద. తెల్వనప్పుడు ఎట్ల కదుపుతవ్?" మొండయ్య గొంతు పెరిగింది. "బాయిల తొవ్వ పొడుగూత గంట తీగ ఉంటది. ఎవడన్నా, ఆఖరికి కొత్తగ జేరిన బదిలీ కూలి పిలగాడైనా గంట కొడ్తె హాలేజీ ఆగాలె. ఆపినోడే మళ్ల గంట కొట్టాలె. ఎందుకాపిండో పైన కూసున్న నాకేం కనపడ్తది? టబ్బు కింద కాలు ఉండొచ్చు. గంట కాకముందు తాడు కదిపినోన్ని చూసిన నేను. వాని గురించి ఇప్పుడు చెప్ప. కూసో."

బాలకృష్ణ కూర్చున్నాడు.

పక్కనే కళ్లంలో మిర్చి ఎర్రగా ఎండుతోంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఇద్దరూ తుమ్మారు. మొండయ్య తుమ్మిన ప్రతిసారీ బండి ఊగింది గానీ ఆయన చేతులు హ్యాండిల్ వదల్లేదు. తోవన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకామె గొడుగు తెచ్చి మొండయ్య నెత్తి మీద పట్టింది. రుక్మిణి చెంబుతో మజ్జిగ తెచ్చి, "ఏమైంది?" అని అడిగింది.

"సిగ్నల్ రాలే," అన్నాడు మొండయ్య గంభీరంగా.

"మా కాడ జియో మంచిగొస్తది," అంది రుక్మిణి.

బాలకృష్ణ తలదించుకున్నాడు. కాలనీ బండ్లు పోయినట్టే. దుకాణం పోయినట్టే. ఎండలో ఇంత పెద్దమనిషిని కూర్చోబెట్టి, మిర్చి ఘాటుతో తుమ్మించి, పైగా ఇది మంచి బ్యాటరీ అని ఏ మొహంతో చెబుతాడు? సూపర్‌వైజరు ఉద్యోగంలో నీలం చొక్కా వేసుకోవాలేమో అని ఆలోచించడం కూడా మొదలుపెట్టాడు.

చివరికి జమ్లి తడి జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. గొడుగు, మజ్జిగ, జనం చూసి బెదిరిపోయింది. "ఇంతసేపు ఈడనే ఉన్నరా? బండి దిగి నడిచి పోవద్దా? కిషన్‌లాల్ ఇల్లు గదే గద!" అని చెయ్యి చాపింది. నిజమే, అక్కడి నుంచి ఇల్లు కనిపిస్తూనే ఉంది.

"నువ్వు గంట కొట్టకుంటే ఎట్ల పోతమమ్మా?" అన్నాడు మొండయ్య.

జమ్లికి ఆ మాట ఏం అర్థమైందో గానీ, ఇంతవరకూ ఏ అధికారీ తనను ఇంత మర్యాదగా అడగనట్టు నిటారుగా నిలబడి, బటన్ నొక్కి, "ఊఁ, పో," అంది.

*

ఇంట్లో చాంది కోడికూర, జొన్నరొట్టెలు పెట్టింది. మొండయ్య కూర్చుని తిన్నాడు. అప్పుడే ఆటో దిగిన కిషన్‌లాల్ ఆయన మొహం చూసి, కొడుకు మొహం చూసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బాలకృష్ణ లోపలికి వెళ్లి సర్టిఫికెట్ల సంచి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. పోవాలంటే ఆలస్యం చేయించడం ఎందుకని.

మొండయ్య చెయ్యి కడుక్కుని అడిగాడు. "బండిని ఆపే పవరు ఎంతమందికి ఇచ్చినవ్?"

"తండా అంతటికీ, మామా. తప్పయింది. బుగులు పడుతున్నరని చేసిన. పాస్‌వర్డ్ మార్చాల్సి ఉండె."

"ఆపే పవరు ఇచ్చుడు తప్పు గాదు. చెప్పకుండ ఆపుడు తప్పు. నడుస్తున్న బండి చప్పున ఆగితే ఎనకొచ్చే లారీ గుద్దుతది. అది జూస్కో. ఇంట్లోళ్ల వరకు ఉంచు. చెయ్యెత్తి, నడిపేటోడు చూసి స్లో జేసినంకనే నొక్కాలని చెప్పు. గట్ల జేస్తవా?"

"చేస్త."

"ఎత్తు మీద మంచిగ లాగింది. సెల్స్ వేడెక్కలేదు. నేను చెయ్యి పెట్టి చూసిన." మొండయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నేను ఆగు అంటే ఆగిన పని నా రిటైర్మెంటు తర్వాత ఒక్కటి లేదు. ఇంట్ల టీవీ కూడా నా మాట ఇనదు. గీ ముసలామె గంట కొడితే నడిమి తొవ్వల బండి ఆగింది. నాకు గదే గావాలె. నా బండికి గదే పెట్టు. బటన్ మాత్రం మా ఇంటామె బతుకమ్మ ఫోన్ల వెయ్యకు."

కిషన్‌లాల్ మెల్లగా అడిగాడు. "అయితే బావా, ఉగాదికి?"

"ఉగాదికి పనిల జేరాల్సిందే." మొండయ్య సర్టిఫికెట్ల సంచిని ఎత్తి, బాలకృష్ణ ఒళ్లో పెట్టాడు. "దుకాణంల. బోర్డు రాయించు ముందు. ఎక్కడుందో తెల్వక రెండు సార్లు ఎరువుల దుకాణంలకు పోయిన."

కిషన్‌లాల్ వెంటనే కొడుకు వైపు తిరిగి, అసలు ఈ ఆలోచన మొదటి నుంచీ తనదే అన్నట్టు, "చెప్పిన గద నీకు, నిద్రపోనోన్ని పెట్టమని," అన్నాడు.

పాస్‌వర్డ్ మారిన రోజు జమ్లి చాలా అలిగింది. బండి ఇకపై తన ఇంటి ముందు ఆగకపోతే మంచం తెచ్చి తోవకు అడ్డంగా వేస్తానంది. కిషన్‌లాల్ రాజీకి వచ్చాడు. ఇప్పుడు ఇంటింటి దగ్గరా తానే స్లో చేసి, హారన్ కొట్టి, ఎవరూ పిలవకపోయినా ఒక నిమిషం ఆగి పోతున్నాడు. చాయ్ మాత్రం సగం గ్లాసే తాగుతున్నాడు.

ఉగాది ముందు వారం, మణుగూరు కాలనీ నుంచి మొదటి బండి ట్రాలీ ఆటోలో దిగింది. వెంట దాని యజమాని హరిప్రసాద్, అతని భార్య రోజారాణి వచ్చారు. బోర్డు రంగు ఇంకా తడిగానే ఉంది. బాలకృష్ణ ఇద్దరినీ కూర్చోబెట్టి, రెండు రకాల బీఎంఎస్‌లూ బల్ల మీద పెట్టి, తేడా చెప్పాడు.

"బలం రెండిటిదీ ఒకటే అన్నా. ఇది ఫోనుకు కలవదు. ఇది కలుస్తది."

"కలవంది ఇయ్యి తమ్మీ," అన్నాడు హరిప్రసాద్ వెంటనే దాన్ని చేతిలోకి తీసుకుని.

"కలిసేది ఇయ్యి," అంది రోజారాణి. "మొండయ్య మామ అంతా జెప్పిండు. ఆ బటన్ నా ఫోన్ల పెట్టు."

బాలకృష్ణ తన బాధ్యత గుర్తుచేసుకుని గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాట అక్కా. బండి నడుస్తున్నప్పుడు నొక్కితే ప్రమాదం. ముందు చెయ్యెత్తాలె, అన్న చూసి స్లో జెయ్యాలె."

"నడుస్తున్నప్పుడు నేనెందుకు నొక్కుత?" అంది రోజారాణి, మొగుడి వైపు చూస్తూ. "ఇంట్లకెల్లి బయల్దేరకముందే నొక్కుత."

హరిప్రసాద్ చేతిలో ఉన్న మామూలు బీఎంఎస్‌ను మెల్లగా తెచ్చి బల్ల మీద పెట్టేశాడు. బాలకృష్ణ సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పెట్టాడు.